కొనేటప్పుడు కళ్లు, అమ్మేటప్పుడు లెక్కలు: నాలుగు సూపర్‌కార్ల బేరీజు

మా బావమరిది డాలస్‌లో ఉంటాడు. పన్నెండేళ్లుగా పట్టుకుని కూర్చున్న కంపెనీ షేర్లు అమ్ముడుపోయి డబ్బు చేతికొచ్చిన వారం, ఇక్కడ రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. అక్కడ లంచ్ టైము. "ఇంటి లోన్ తీరిపోయింది బావా. పిల్లల చదువులకి పక్కన పెట్టేశాను. అక్కకి ఇప్పుడే చెప్పకు గానీ, ఒక బండి కొందామనుంది." బండి అంటే క్యామ్రీ కాదని గొంతులోనే తెలిసిపోయింది.

అతను పంపిన జాబితాలో నాలుగు పేర్లున్నాయి. లాంబోర్గీని హురాకాన్, ఫెరారీ 488 జీటీబీ, మెక్‌లారెన్ 720ఎస్, పోర్షె 911 జీటీ3 (2018 మోడల్ నాటిది, 991 అనే తరంలో రెండో విడత, 991.2 అంటారు). అన్నీ సెకండ్ హ్యాండే. అమెరికాలో ఈ నాలుగూ ఇప్పుడు అటూ ఇటూగా రెండు లక్షల డాలర్ల దగ్గర దొరుకుతున్నాయి. మూడు నాలుగేళ్లు సరదాగా నడుపుకుని, మరీ మునగకుండా అమ్ముకోవాలన్నది అతని కోరిక.

రేటు ఒకటే అయినప్పుడు నచ్చింది కొనుక్కో అనేస్తే సరిపోయేది. కానీ ఈ నాలుగూ ఆ రేటుకి ఏ దారిన వచ్చాయో చూడండి. అమెరికాలో కొత్తగా వచ్చినప్పుడు 720ఎస్ మొదలు ధర 2,84,745 డాలర్లు. 488 జీటీబీ 2.45 లక్షల దగ్గర. హురాకాన్ 2,37,250. జీటీ3 1,43,600. ఆప్షన్లూ పన్నులూ వీటికి అదనం. అంటే మూడు బండ్లు మెట్లు దిగి అక్కడికి చేరాయి, ఒకటి మెట్లెక్కి చేరింది. ఎక్కి వచ్చినదేమో, వెనక ఆ పెద్ద రెక్క తీసేస్తే, నాలుగింటిలోకీ సాదాగా కనపడేది!

అందం సంగతి, ఆనవాలు సంగతి

సూపర్‌కార్ రూపం గురించి మాట్లాడుకునేటప్పుడు అందరం అందం దగ్గరే ఆగిపోతాం. రీసేల్‌కి పనికొచ్చేది ఆనవాలు. బాగా చీకటి పడ్డాక, వంద గజాల అవతల వీధి దీపం కింద ఆగి ఉన్న బండిని చూసి పేరు చెప్పగలిగితే, ఆ బండికి ఆనవాలు ఉన్నట్టు. బొమ్మలు వేసే పిల్లాడు మూడు గీతల్లో తేల్చేయగలిగితే ఇంకా మంచిది.

లాంబోర్గీనికి ఆ గీత 1971లో పడింది. జెనీవా షోలో కౌంటాష్ నమూనా పెట్టినప్పుడు, బెర్తోనే అనే కార్ల డిజైన్ కంపెనీలో పనిచేసే మార్చెల్లో గాందీని ముక్కు కొస నుంచి అద్దం మీదుగా పైకప్పు దాకా దాదాపు ఒకే వాలుగా గీసేశాడు. అరుగు మీద జారే పలకలా ఉంటుంది. గాందీని 2024లో పోయాడు. ఆ గీత మాత్రం ఆ కంపెనీని వదల్లేదు. హురాకాన్‌ని పక్క నుంచి చూడండి, అదే వాలు.

911 గీత ఇంకా పాతది, 1963 ఫ్రాంక్‌ఫర్ట్ షో నాటిది. గుండ్రటి దీపాలు, అద్దం పైనుంచి వెనక బంపర్ దాకా ఒకే జారుడు. అరవై ఏళ్లుగా అదే బండిని సవరించి సవరించి అమ్ముతున్నారని వెక్కిరించేవాళ్లు ఉన్నారు. ఆ వెక్కిరింతే దానికి బలం. కిందటి తరం 911 పాత బండిలా అనిపించదు, అన్నయ్యలా అనిపిస్తుంది.

పోర్షె వాళ్లే ఒకసారి ఈ సంగతి మరిచిపోయారు. 1997లో వచ్చిన 996 తరానికి గుండ్రటి దీపం తీసేసి, ఇండికేటర్‌తో కలిపి అట్టులా పరిచేశారు. ఖర్చు కలిసొస్తుందని, తక్కువ ధరలో అమ్మే బాక్‌స్టర్‌కీ అదే ముఖం పెట్టారు. వేయించిన గుడ్డు అని పేరుపడిపోయింది. 2004లో 997తో గుండ్రటి దీపాలు తిరిగొచ్చాయి. ఇవాళ్టికీ సెకండ్ హ్యాండ్‌లో 911 చవగ్గా కావాలంటే అందరూ 996నే చూపిస్తారు. ఐఎంఎస్ బేరింగ్ అనే ఇంజిన్ బెడద కూడా తోడైందనుకోండి. కానీ ఆ బేరింగ్ బాక్‌స్టర్‌లోనూ ఉంది, మొదట్లోని 997ల్లోనూ ఉంది. ముఖం చూసి తిట్లు తిన్నది మాత్రం 996.

మెక్‌లారెన్‌ది తిరగేసిన కథ. 2011లో ఎంపీ4-12సీ వచ్చింది. లెక్కలన్నీ బాగున్నాయి గానీ చూడ్డానికి చప్పగా ఉందన్నారు. మూడేళ్లకే 2014లో, తమ అగ్రశ్రేణి బండి పీ1 పోలికలతో కొత్త ముఖం తొడిగి 650ఎస్ తెచ్చారు. 12సీని ఆపేశారు. 2013లో 12సీ కొన్నవాడి పరిస్థితి ఊహించుకోండి. ఏడాది తిరక్కుండానే అతని బండి పాత ముఖం అయిపోయింది. 2017లో 720ఎస్‌తో మళ్లీ ఇంకో ముఖం. ఆరేళ్లలో మూడు ముఖాలు! కొత్త ముఖం వచ్చిన ప్రతిసారీ కంపెనీకి బుకింగులు వచ్చాయి. దాని ఖర్చు కట్టింది నిన్నటి ముఖం కొన్నవాళ్లు.

ఇక్కడ నా వాదానికి ఎదురు తిరిగే బండ్లు లేకపోలేదు. 1995లో ఫెరారీ ఎఫ్50 వచ్చినప్పుడు, ఎఫ్40 పక్కన పెట్టి చూసి ఇదేం రూపం అన్నారు. ఇవాళ ఎఫ్50 ధర ఎఫ్40ని దాటిపోయింది. చేసినవి 349 మాత్రమే, ఎఫ్40లు పదమూడు వందలకు పైగా. లెక్సస్ ఎల్ఎఫ్ఏ ఇంకో ఉదాహరణ. 3,75,000 డాలర్లు పెట్టి లెక్సస్ బొమ్మ ఎవరు కొంటారని, తయారీ ఆగిపోయాక కూడా కొన్ని ఏళ్ల తరబడి అమెరికా షోరూముల్లో అమ్ముడుపోకుండా పడి ఉన్నాయి. 500 బండ్లే, యమహాతో కలిసి చేసిన వీ10 ఇంజిన్, ఆ అరుపు మళ్లీ ఇంకే బండిలోనూ రాలేదు. ఇప్పుడు అమ్మేవాడు అడిగేది కొన్న ధరకి ఎంతో పైన.

కాబట్టి వరస ఇది. మొదట ఎన్ని చేశారన్నది. తరవాత ఆ ఇంజిన్, ఆ గేరుపెట్టె మళ్లీ ఎవరైనా చేస్తారా అన్నది. రూపం మూడోది. అయితే మన నాలుగు బండ్లలో ఏదీ మూడొందల్లో చేసింది కాదు. ఒక్క హురాకానే పదేళ్లలో ఇరవై వేలకు పైగా వచ్చింది. అంకె ఎవరినీ కాపాడనప్పుడు, మిగతా రెండే పట్టించుకోవాలి.

720ఎస్: దగ్గరికెళితే మనసు మారే బండి

నాలుగింటిలో నాకు ఎక్కువ ఇష్టమైనదీ, రీసేల్ కోసం కొనొద్దని చెప్పేదీ ఇదే. కిందటిసారి దుబాయ్ వెళ్లినప్పుడు పాత బండ్లు అమ్మేచోట ఒకదాని పక్కన అరగంట నిలబడ్డాను. దూరం నుంచి చూస్తే పక్క భాగంలో గాలి పోయే కన్నం ఎక్కడా కనపడదు. ఇంజిన్ వెనక ఉన్న బండికి అదెలా కుదురుతుంది? తలుపు దగ్గరికెళ్లి కిటికీ కింద భుజం మీద చెయ్యి పెట్టాను. అక్కడుంది రహస్యం. తలుపు రెండు పొరలు. పై రేకుకీ లోపలి రేకుకీ మధ్య నా నాలుగు వేళ్లు మణికట్టు దాకా దూరిపోయాయి. గాలి ఆ సందులోంచి వెనక రేడియేటర్లకి పోతుంది. తలుపు ఎత్తితే పైకప్పులో ఒక ముక్క కూడా దానితో పాటు లేస్తుంది, అందుకే వంగి దూరక్కర్లేకుండా ఎక్కొచ్చు. లోపల కూర్చుంటే అద్దం స్తంభాలు సన్నగా, చుట్టూ బాగా కనపడుతుంది. కార్బన్ గూడు బలం వల్ల అది కుదిరింది.

ముందు దీపాల దగ్గరే పేచీ. దీపం ఉండాల్సిన చోట కంటిగుంత లాంటి నల్లటి లోతు, అందులో దీపమూ ఉంది, గాలిదారీ ఉంది. ఇంజినీరు మెచ్చుకునే తెలివి. మొదటిసారి చూసిన మా ఆవిడకు పుర్రె గుర్తొచ్చింది.

4 లీటర్ల ట్విన్ టర్బో వీ8, 720 హార్స్‌పవర్, మూడు సెకన్ల లోపే వంద కిలోమీటర్ల వేగం. పనితనంలో మిగతా మూడింటికీ అందదు. మరి రేటెందుకు జారింది? ముఖాలు మార్చిన చరిత్ర ఒక కారణం. దాన్ని మించినది భయం. వారంటీ అయిపోయాక సస్పెన్షన్‌లో వచ్చే రిపేర్ల గురించి కొనేవాళ్లందరూ విని ఉంటారు. ఇందులో మలుపుల్లో బండి ఒరగకుండా పట్టే మామూలు యాంటీరోల్ బార్ ఉండదు, నాలుగు చక్రాల దగ్గర కుదుపులు అణిచే డ్యాంపర్లనూ నూనె గొట్టాలతో కలిపిన హైడ్రాలిక్ ఏర్పాటు ఉంటుంది. దానిలో ఒత్తిడి దాచే చిన్న బుడ్లు, అక్యుములేటర్లంటారు, అవి వాడకంలో అరిగేవే.

కానీ మనం కొత్తది కొనడం లేదు కదా. పెద్ద దెబ్బ మొదటి యజమానికి తగిలేసింది. పైగా 2023లో వచ్చిన 750ఎస్‌కి ముఖం పెద్దగా మార్చలేదు, చూపుకి 720ఎస్ తమ్ముడే. పాత బండికి అది మేలు చేసింది. ఎలాగూ కొంత పోతుంది, పోయినంత కాలం రాకెట్ నడుపుతాను అనుకునేవాళ్లకి రెండు లక్షల్లో ఇంతకంటే బండి లేదు. వారంటీ పొడిగింపు దొరకని 720ఎస్‌ని మాత్రం ఎంత తక్కువకి ఇచ్చినా ముట్టుకోవద్దు.

488 చూడబోయి 458 దగ్గర ఆగడం

ఫెరారీ దగ్గర ఒక విచిత్రం ఉంది. 2009లో వచ్చిన 458 ఇటాలియా, 2015లో వచ్చిన 488 జీటీబీ అక్కాచెల్లెళ్లు. 458లో టర్బో లేని 4.5 లీటర్ల వీ8, 570 హార్స్‌పవర్, ఇంజిన్ నిమిషానికి 9,000 తిరుగుళ్ల దాకా పోతుంది. 488లో 3.9 లీటర్ల ట్విన్ టర్బో, 670 హార్స్‌పవర్. చెల్లెలు కొత్తది, వేగమైనది, టెక్నాలజీ ఎక్కువ. అయినా సెకండ్ హ్యాండ్ మార్కెట్లో అక్క చెల్లెలికి లొంగడం లేదు. ఐదారేళ్ల పాత 458ని 488 పక్కన పెట్టినా రేట్లలో అన్నేళ్ల తేడా కనపడదు. 458 స్పెషియాలే అయితే కొత్త ధరను ఎప్పుడో దాటిపోయింది.

రెండింటినీ పక్క నుంచి చూస్తే కారణంలో సగం తెలుస్తుంది. 458 తొడ భాగం నున్నగా, ఒక్క గీతలో సాగుతుంది. ఆ వరసలో ఇటలీ డిజైన్ సంస్థ పినిన్‌ఫరీనా చెయ్యి పడ్డ చివరి బండి అదే. 488 గీసింది ఫెరారీ సొంత స్టూడియో, ఫ్లావియో మన్జోనీ నాయకత్వంలో. టర్బో పెట్టారు కాబట్టి, అది నొక్కి పంపే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్లు వచ్చాయి. ఇంటర్‌కూలర్‌కి గాలి కావాలి కాబట్టి తలుపు వెనక తొడలో లోతైన గాటు పడింది, దాన్ని మధ్యలో ఒక రెప్పతో చీల్చారు. పాత 308 జీటీబీకి నమస్కారం అంటారు దాన్ని. బాగానే ఉంటుంది. కానీ అది అవసరం పెట్టించిన గాటు, కంటికి ఆ సంగతి తెలుస్తూనే ఉంటుంది. ఇవాళ సూపర్‌కార్లు అన్నీ కన్నాలూ రెక్కలతో చీలికలు పీలికలుగా కనపడుతున్నాయంటే డిజైనర్లకి రుచి పోయి కాదు. టర్బోలు, బ్యాటరీలు, వాటిని చల్లబరిచే రేడియేటర్లు, పైగా నేలకి నొక్కిపట్టే డౌన్‌ఫోర్స్, ఇన్నిటికీ దారి ఇవ్వాలి మరి.

మిగతా సగం చెవికి తెలుస్తుంది. టర్బో లేని వీ8ని సీట్ల వెనక పెట్టి ఫెరారీ ఇంక చేయడం లేదు. 488 తరవాత ఎఫ్8, అదీ టర్బో. ఆ తరవాత 296 జీటీబీ, వీ6 హైబ్రిడ్. ఆగిపోయిన దానికి గిరాకీ, తరవాతి మోడల్ ఉన్నదానికి పోటీ.

అందుకని బావమరిదికి చెప్పాను, జాబితాలో 488 కొట్టేసి 458 రాసుకోమని. జాగ్రత్తలు ఉన్నాయి. 2010లో చక్రాల గూళ్లలో జిగురు వేడెక్కి మంటలు రావడంతో 458లను వెనక్కి పిలిచి, జిగురు బదులు రివెట్లు వేశారు. ఆ తొలి బండ్లయితే ఆ పని జరిగినట్టు కాగితం చూడాలి. గేర్‌బాక్స్ సెన్సర్ల రిపేర్లు పేరుమోసినవి. ఇంకో చిన్న సంగతి, చాలామంది ఫోటోల్లో చూసి మోసపోయేది. ఆ కాలం ఫెరారీల్లో బటన్ల మీద వేసిన మెత్తటి రబ్బరు పూత ఏళ్లు గడిచేకొద్దీ కరిగి, పాకం అంటుకున్నట్టు వేలికి అంటుకుంటుంది. ఏసీ బటన్ నొక్కి వేలు చూసుకోండి, తెలుస్తుంది. బాగుచేయించొచ్చు గానీ బేరంలో తగ్గించుకోవాలి. ఏడేళ్లు షెడ్యూల్ సర్వీసు ఉచితంగా ఇచ్చే పథకం ఫెరారీకి ఉంది, యజమాని మారినా బండితోనే వస్తుంది. ఆ పథకం వర్తించిన బండికి ఆ ఏడేళ్ల సర్వీసు చరిత్ర శుభ్రంగా ఉండాలి. మధ్యలో ఖాళీ కనపడితే ఎందుకో అడగాల్సిందే.

జీటీ3: మెట్లెక్కిన బండి

991.2 జీటీ3లో 4 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్, టర్బో లేదు, 500 హార్స్‌పవర్, 9,000 తిరుగుళ్లు. అంతకుముందు 991 మొదటి విడత జీటీ3కి పీడీకే ఆటోమేటిక్ ఒక్కటే ఇచ్చారు. అభిమానులు గోల పెట్టారు. ఈసారి మాన్యువల్ తిరిగి తెచ్చారు. వెనక పెద్ద రెక్క వద్దనుకునేవాళ్లకి టూరింగ్ ప్యాకేజీ ఇచ్చారు. మాన్యువల్‌కి ఎప్పుడూ పీడీకే కంటే ఎక్కువే పలుకుతుంది, టూరింగ్‌కి ఇంకా ఎక్కువ. పాత ఫెరారీల్లోనూ అంతే. ఎఫ్430ని లోహపు గేటులో కర్ర కదిలే మాన్యువల్‌తో చూస్తే ఒక రేటు, మీటల ఎఫ్1 గేర్‌బాక్స్‌తో చూస్తే ఇంకో రేటు. కొత్తలో ఎవరూ మాన్యువల్ అడగలేదు, అందుకే ఇప్పుడు అందరూ అడుగుతున్నారు.

జీటీ3ని పోర్షె ఇన్నే చేస్తాం అని అంకె కట్టి అమ్మదు. అయినా డీలర్ దగ్గర లైను ఎప్పుడూ బండ్ల కంటే పొడుగ్గానే ఉంటుంది. కొత్త తరం వచ్చినా ముఖం అదే, కాబట్టి పాతది వెలవెలబోదు. ఇదీ మెట్లెక్కడం వెనక సంగతి.

లోపాలు లేవని కాదు. 2014లో జీటీ3 ఇంజిన్లలో కనెక్టింగ్ రాడ్ బోల్టు వదులై మంటలొస్తే, పోర్షె మొత్తం 785 బండ్లకూ కొత్త ఇంజిన్లు వేసింది. అది 991 మొదటి విడత కథ, మన 991.2 వేరే ఇంజిన్. ఆ రెండు విడతలూ కలిపి అమ్మేవాళ్లు ఉంటారు కాబట్టి మోడల్ సంవత్సరం సరిగ్గా చూడండి. జీటీ3 కొనేముందు డీఎంఈ రిపోర్టు తప్పనిసరి. ఇంజిన్ తన జీవితంలో తిరుగుళ్ల హద్దు దాటి ఎన్నిసార్లు తిరిగిందో, ఎన్ని గంటల క్రితమో, డీఎంఈ అనే ఇంజిన్ కంప్యూటర్ ఆరు స్థాయిలుగా రాసి పెట్టుకుంటుంది. మాన్యువల్‌లో నాలుగు నుంచి ఐదుకి వేయబోయి మూడులో పడేసినవాడు ఆ పుస్తకంలో దొరికిపోతాడు. పై స్థాయిల్లో అంకెలు ఉంటే ధర తగ్గించడం కాదు, లేచి వచ్చేయడమే.

ఒక్క మాట మాత్రం ముందే చెప్పాలి. నలుగురూ తిరిగి చూడాలని కొనేవాళ్లకి ఇది బండి కాదు. సిగ్నల్ దగ్గర పక్క కారులో పిల్లలు ఫోన్ తీయరు.

హురాకాన్: అందరూ ఫోన్ తీసే బండి

ఫోన్ తీయాలంటే ఇదే. 5.2 లీటర్ల వీ10, మొదటి విడతలో 610 హార్స్‌పవర్. ఇంజిన్ ఆడీ ఆర్8తో పంచుకున్నది కాబట్టి ఇటాలియన్ బండి అన్న భయం అంత అక్కర్లేదు. ఆర్8 తయారీ 2024లో ఆగింది, అదే ఏడాది హురాకాన్ వారసుడు టెమెరారియో 4 లీటర్ల ట్విన్ టర్బో వీ8 హైబ్రిడ్‌తో వచ్చింది. ఆ వీ10 ఇక లేదు. దానికి ఇప్పుడిప్పుడే విలువ కడుతున్నారు.

బలహీనత అంకెలో ఉంది. ఇరవై వేల పైచిలుకు బండ్లలో మీది ఎందుకు కొనాలి? 1,499 మాత్రమే చేసిన స్టెరాటో, రేసుకారు పోలికల ఎస్టీఓ అయితే జవాబు ఉంది, రెండు లక్షల్లో అవి రావు. ఆ ధరలో దొరికేవి 2014–2018 నాటి మామూలు హురాకాన్‌లు. 2019లో వచ్చిన ఈవో పక్కన పెడితే వాటి వెనక భాగం తేడా తెలుస్తుంది. పొగ గొట్టాలు కింద ఉంటే పాతది, పైకి జరిగితే ఈవో. ముఖం మార్పు దెబ్బ ఇక్కడా ఉంది, మెక్‌లారెన్ అంత ఘోరంగా కాదు.

ఇంకో సంగతి. మయామీ, లాస్ వెగాస్, దుబాయ్‌లలో అద్దెకిచ్చే సూపర్‌కార్లలో హురాకాన్‌లు బోలెడు. వారానికో డ్రైవరు, ప్రతివాడూ నిలబడ్డ బండిని ఒక్కసారిగా దూకించే లాంచ్ కంట్రోల్ నొక్కి చూసేవాడే. బండి పాత చరిత్ర చెప్పే కార్‌ఫ్యాక్స్ రిపోర్టులో రెంటల్ అని కనపడకపోయినా, యజమాని మనిషి కాక ఎల్ఎల్‌సీ అనే కంపెనీ అయితే ఇంకో రెండు ప్రశ్నలు ఎక్కువ అడగండి. రంగు రేకు చుట్టిన బండి అయితే కింద అసలు రంగు చూపించమనండి.

రంగుల విషయంలో లాంబోర్గీనిది వేరే లోకం. చిలకపచ్చ, నారింజ ఇక్కడ త్వరగా అమ్ముడుపోతాయి, బూడిద రంగు కంటే. ఫెరారీకి ఎరుపు ఎప్పుడూ నష్టం చేయదు. పోర్షెలో పెయింట్ టు శాంపిల్ అని ప్రత్యేకంగా చేయించిన రంగుకి పెట్టిన డబ్బు చాలావరకు తిరిగొస్తుంది. మెక్‌లారెన్‌లో కార్బన్ ముక్కలకి పోసిన డబ్బు దాదాపు ఆవిరే, కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో కొనేవాడికి అవి ఉచితంగా వచ్చినట్టు. ఏ బండికైనా ముక్కు పైకెత్తే లిఫ్ట్ ఉందో లేదో చూడాలి. అది లేని బండిని మీరు కొన్నంత తేలిగ్గా రేపు మీ దగ్గర ఇంకొకరు కొనరు.

కొత్త హైబ్రిడ్‌ల వైపు చూస్తున్నవాళ్లకి ఒక్క ముక్క. వెయ్యి హార్స్‌పవర్ ఫెరారీ ఎస్ఎఫ్90 కొత్తగా ఐదు లక్షల డాలర్ల పైమాట, ఇప్పుడు దానికి బాగా కింద దొరుకుతోంది. పదేళ్లయ్యాక బ్యాటరీ సంగతేంటన్న ప్రశ్నకి మార్కెట్ దగ్గర ఇంకా జవాబు లేదు, ఆ తేడా అంతా ధరలో కోసేస్తోంది.

ఇక్కడ కొనేవాళ్లకి

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండి ఇది చదువుతున్నవాళ్లకి పైన చెప్పిన డాలర్ లెక్క నేరుగా పనికిరాదు. ఇవన్నీ పూర్తిగా తయారై దిగుమతి అయ్యేవి. 40 వేల డాలర్లు దాటిన కారుకి కస్టమ్స్ సుంకాలే వంద శాతం పైన, దాని మీద జీఎస్టీ, దాని మీద లైఫ్ ట్యాక్స్. కొత్త బండి ధరలో సగానికి పైగా పన్నే కాబట్టి, ఇక్కడ "రేటు నిలబడింది" అంటే పన్నులో కొంత తరవాతివాడి దగ్గర రాబట్టారని అర్థం. ముంబైలోనో ఢిల్లీలోనో తక్కువకి దొరికిందని తెస్తే, ఎన్ఓసీ తెచ్చుకుని బండి వయసుని బట్టి ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. బేరంలో మిగిలింది అక్కడ పోతుంది. సర్వీస్‌కి ఫ్లాట్‌బెడ్ ఎక్కించి ఏ ఊరు పంపాలో, దానికెంతో ముందే కనుక్కోండి. మన స్పీడ్ బ్రేకర్ల మీద 720ఎస్ పొట్ట గీసుకోకుండా వెళ్లాలంటే లిఫ్ట్ ఉండాలి, అప్పటికీ ఏటవాలుగా ఎక్కించాలి. ఇక అమెరికా నుంచి తిరిగొస్తూ వెంట తెచ్చుకుందామనుకునేవాళ్లు ఆ ఆశ వదులుకోవాలి. దిగుమతి నిబంధనలు కుడివైపు స్టీరింగ్ అడుగుతాయి.

ఎవరికి ఏది

మూడు నాలుగేళ్లలో అమ్మేయాలి, డబ్బు మునగకూడదు, వారానికి రెండు మూడు రోజులు నడపాలి అంటే మాన్యువల్ జీటీ3. ఇందులో నాకు సందేహం లేదు. దాన్ని చూస్తే మనసు ఊగట్లేదు, ఇటాలియన్ బండే కావాలంటే 458, అదీ కాగితాలన్నీ ఉన్నది, ఐదు వేల మైళ్ల ముద్దుబిడ్డ అక్కర్లేదు. పాతిక వేల మైళ్లు తిరిగి సర్వీసు సరిగ్గా అయినదే మేలు, కదలకుండా గ్యారేజీలో పెట్టిన బండి సీల్స్ ఎండిపోతాయి. జీవితంలో ఒక్కసారి లాంబోర్గీని అనుకునేవాళ్లకి హురాకాన్ తప్పు కాదు, కొంత తగ్గుతుంది, అది ఆ చూపులకి కట్టే టిక్కెట్టు. 720ఎస్ నడపడం కోసం కొనండి, అమ్మేరోజు నన్ను తలుచుకోకండి. 488కి మాత్రం ఈ జాబితాలో చోటు దొరకలేదు, మంచి బండే పాపం.

ఇదంతా చెప్పాక బావమరిది రెండు రోజులు మాట్లాడలేదు. తరవాత ఒక ఫోటో పంపాడు. ముదురు నీలం జీటీ3, మాన్యువల్, వెనక రెక్క. "సీట్లు రెండేనా? పిల్లలు ఎక్కడ కూర్చుంటారు?" అన్నాను. "అందుకే కదా బావా కొనేది" అన్నాడు. డీఎంఈ రిపోర్టు తీయించమన్నాను, అది వచ్చేదాకా అడ్వాన్సు ఇవ్వొద్దన్నాను. రిపోర్టు శుక్రవారం వస్తుందట. వాళ్లక్కకి చెప్పే పని ఇంకా నా నెత్తిమీదే ఉంది.